ఎన్‌హెచ్‌ఎల్ జట్టు సీజన్‌ను పాయింట్ల పట్టిక దాటి చదవడం ఎలా

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 2024-25 రెగ్యులర్ సీజన్ ముగిసేసరికి కాల్గరీ ఫ్లేమ్స్‌కి 96 పాయింట్లు. సెయింట్ లూయిస్ బ్లూస్‌కీ 96 పాయింట్లే. బ్లూస్ ప్లేఆఫ్స్‌లోకి, అంటే స్టాన్లీ కప్ కోసం ఆడే నాకౌట్ దశలోకి వెళ్లింది, ఫ్లేమ్స్ బయటే ఉండిపోయింది. అదే ఏడాది తూర్పు కాన్ఫరెన్స్‌లో మాంట్రియల్ కెనేడియన్స్ 91 పాయింట్లతో లోపలికి వచ్చేసింది. ఉత్త పాయింట్లే చూసేవాళ్లకి ఇదేదో తిరకాసులా అనిపిస్తుంది. జవాబు మాత్రం అదే పట్టికలో, పాయింట్ల గడికి పక్కనే, చాలామంది చూపు ఆగని గడుల్లో ఉంటుంది.

ఒక జట్టును అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా అనుసరించాలంటే ఏం రాసుకోవాలి, ఏ అంకెను ఎప్పటి నుంచి నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి అనేది ఇక్కడ వివరిస్తున్నాం. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. మ్యాచ్‌కి ఐదు నిమిషాల పని.

ముందుగా సీజన్ లెక్క

లీగ్‌లో 32 జట్లు, రెండు కాన్ఫరెన్స్‌లు, నాలుగు డివిజన్లు. 2025-26 వరకు ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడింది: సొంత మైదానంలో 41, బయట 41. వాటిలో సొంత డివిజన్ జట్లతో 26, అదే కాన్ఫరెన్స్‌లోని రెండో డివిజన్‌తో 24, అవతలి కాన్ఫరెన్స్‌తో 32. 2026-27 నుంచి సీజన్ 84 మ్యాచ్‌లకు పెరుగుతుంది. కింద ఇచ్చిన లెక్కలన్నీ 82కి కట్టినవి, రెండు మ్యాచ్‌ల తేడాకి సరిచేసుకోవడం కష్టమేమీ కాదు.

గెలిస్తే 2 పాయింట్లు, అది ఎలా గెలిచినా సరే. 60 నిమిషాల్లో (20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు) ఓడితే సున్నా. ఓవర్‌టైమ్‌లోనో (ముగ్గురికి ముగ్గురు ఆడే అదనపు సమయం) షూటౌట్‌లోనో (ఒక్కొక్కరుగా గోల్ కీపర్ మీదికి వెళ్లి కొట్టే పోటీ) ఓడితే 1. ప్రతి డివిజన్‌లో మొదటి మూడు జట్లు, ఆపైన కాన్ఫరెన్స్‌కి ఇద్దరు వైల్డ్‌కార్డ్‌లు (మిగిలినవాటిలో ఎక్కువ పాయింట్లున్న జట్లు), మొత్తం 16 జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు మ్యాచ్ రెండు పాయింట్లు పంచుతుంది, ఓవర్‌టైమ్‌కి వెళ్లిన మ్యాచ్ మూడు పంచుతుంది. అందుకే 82 మ్యాచ్‌లకు 82 పాయింట్లు సగటు కాదు. ఇటీవలి సీజన్లలో సగటు 91 దగ్గర ఉంటోంది. 35 గెలుపులు, 35 ఓటములు, 12 ఓవర్‌టైమ్ ఓటములు ఉన్న జట్టును వ్యాఖ్యాతలు "సమానంగా ఉంది" అంటారు. అది 47 సార్లు ఓడిన జట్టు.

షీట్‌లో ఏ గడులు ఉండాలి

ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో వరుస. గడులు ఇవి:

- మ్యాచ్ నంబరు, తేదీ, ప్రత్యర్థి, సొంత మైదానమా బయటా, నిన్న కూడా ఆడారా
- ఫలితం, ఐదు రకాలుగా: 60 నిమిషాల్లో గెలుపు, ఓవర్‌టైమ్ గెలుపు, షూటౌట్ గెలుపు, అదనపు సమయంలో లేదా షూటౌట్‌లో ఓటమి, 60 నిమిషాల్లో ఓటమి
- వేసిన గోల్స్, ఇచ్చిన గోల్స్, పీరియడ్లవారీగా. గోలీని (గోల్ కీపర్‌ని) బయటికి పిలిచాక ఖాళీ నెట్‌లో పడినవి రెండు వైపులా విడిగా
- ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు మన షాట్ ప్రయత్నాలు, వాళ్లవి
- మొదలుపెట్టిన గోలీ పేరు, ఎదుర్కొన్న షాట్లు, ఆపినవి
- పవర్‌ప్లే (ప్రత్యర్థి ఆటగాడు పెనాల్టీతో బయట ఉన్న సమయం) అవకాశాలు, గోల్స్. పెనాల్టీ కిల్‌కీ (మన ఆటగాడు బయట ఉన్న సమయం) అదే
- గాయంతోనో సస్పెన్షన్‌తోనో ఆడనివాళ్లు

ఫలితాలు, గోలీ లెక్కలు, పవర్‌ప్లే లెక్కలు లీగ్ సొంత సైట్‌లో మ్యాచ్ నివేదికలోనే దొరుకుతాయి. ఐదుగురికి ఐదుగురి లెక్కలకు నేచురల్ స్టాట్ ట్రిక్, అంచనా గోల్స్‌కి మనీపక్ అక్కరకొస్తాయి. జీతాల లెక్కకు పక్‌పీడియా చూడండి. ఒకప్పుడు అందరూ వాడిన క్యాప్‌ఫ్రెండ్లీని 2024లో వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు కొనేసి, ప్రజలకు మూసేసింది.

ఒక జాగ్రత్త. అంచనా గోల్స్‌ని, అంటే దూరం, కోణం, షాట్ రకాన్ని బట్టి ప్రతి షాట్‌కీ గోల్ అయ్యే అవకాశాన్ని కట్టే లెక్కను, ఒక్కో సైట్ ఒక్కో సూత్రంతో చేస్తుంది. అక్టోబర్‌లో ఒక సైట్, జనవరిలో ఇంకో సైట్ వాడితే జట్టు మారినట్టు కనబడుతుంది, మారింది సూత్రం. సీజన్ మొత్తానికి ఒకదానికే కట్టుబడండి.

హిట్స్ (ఢీకొట్టడాలు), గివ్‌అవేలు (పక్ పోగొట్టుకోవడాలు), టేక్‌అవేలకు (లాక్కోవడాలు) గడులు పెట్టలేదు. పక్ అంటే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల. వాటిని లెక్కించేది ఆ మైదానంలోని స్కోరర్లు, ఊరికో తీరుగా లెక్కపెడతారు. ప్లస్-మైనస్, అంటే ఆటగాడు మంచు మీదున్నప్పుడు జట్టు వేసిన, ఇచ్చిన గోల్స్ తేడా, కూడా ఒక ఆటగాడిని తూచడానికి పనికిరాదు. ఆఖరి నిమిషంలో గోలీని బయటికి లాగినప్పుడు పడ్డ గోల్ కూడా మంచు మీదున్న ప్రతివాడి ఖాతాలోకీ వెళ్తుంది. జట్టు వెనకబడినప్పుడు బరిలో ఉండేది దాని మేటి ఆటగాళ్లే కాబట్టి ఆ దెబ్బ వాళ్లకే ఎక్కువ తగులుతుంది.

పాయింట్ల వేగం: 11కీ 12కీ మధ్య

మ్యాచ్‌లను పదేసి చొప్పున కట్టలు కట్టండి. ఒక్కో కట్టకి ఎన్ని పాయింట్లు వచ్చాయో కింద రాయండి. పది మ్యాచ్‌లకు 12 పాయింట్ల వేగంతో సీజన్ నడిస్తే 98 వస్తాయి, దాదాపు ఎప్పుడూ ప్లేఆఫ్స్‌కి చాలే అంకె. 11 చొప్పున అయితే 90, అంటే ఆఖరి వారం దాకా ఇతరుల స్కోర్లు చూసుకుంటూ కూర్చోవాలి. పది మ్యాచ్‌లలో ఒక్క పాయింటు తేడా సీజన్ తలరాతను మార్చేస్తుంది. డిసెంబర్‌లో చివరి జట్టు చేతిలో ఓడిన ఒక మంగళవారం రాత్రి మ్యాచ్‌ను తేలిగ్గా కొట్టిపారేయకూడదనేది ఇందుకే.

జట్ల మధ్య పోలిక పాయింట్లతో కాదు, పాయింట్ శాతంతో, అంటే రాగలిగిన పాయింట్లలో వచ్చిన వాటాతో చేయాలి. 48 మ్యాచ్‌లలో 55 పాయింట్లు ఉన్న జట్టుది 0.573. 51 మ్యాచ్‌లలో 56 పాయింట్లు ఉన్న జట్టుది 0.549. పట్టికలో రెండోది పైన కనిపిస్తుంది, అసలు బలంగా ఉన్నది మొదటిది. ఫిబ్రవరి విరామాల చుట్టుపక్కల మ్యాచ్‌ల సంఖ్యలో తేడా బాగా పెరుగుతుంది, మోసపోయేది ఎక్కువగా అప్పుడే.

వెనకబడిన జట్టు ఎంత వేగంగా ఆడాలో ఇలా కట్టండి. పది మ్యాచ్‌లు మిగిలాయి, మీ జట్టు 6 పాయింట్లు వెనక ఉంది అనుకుందాం. ముందున్న జట్టు 5 గెలిచి, 4 ఓడి, 1 ఓవర్‌టైమ్‌లో ఓడితే 11 పాయింట్లు తెచ్చుకుంటుంది. వాళ్లతో సమానం కావడానికే మీకు 17 కావాలి. అంటే 8 గెలుపులు, 1 ఓటమి, 1 ఓవర్‌టైమ్ ఓటమి. ఆరు పాయింట్లు అంటే మూడు గెలుపులేగా అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే చాలు.

సమానమైతే ఏమవుతుంది? మొదట చూసేది 60 నిమిషాల్లో గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య. పట్టికలో ఆర్‌డబ్ల్యూ అని ఉండే గడి అదే. అక్కడా సమానమైతే ఓవర్‌టైమ్ గెలుపులు కలిపి, షూటౌట్ గెలుపులు వదిలేసి చూస్తారు. ఆ తర్వాతే మొత్తం గెలుపులు, ముఖాముఖి ఫలితాలు, గోల్స్ తేడా. కాల్గరీని ముంచింది మొదటి మెట్టే. 14 ఓవర్‌టైమ్ ఓటములతో పాయింట్లు పోగేసుకుంది గానీ, 60 నిమిషాల్లో ముగించిన గెలుపుల్లో బ్లూస్ కంటే వెనకబడింది. 2023-24లోనూ ఇదే జరిగింది: వాషింగ్టన్, డెట్రాయిట్ రెండూ 91 దగ్గర ఆగితే ఇదే గడి వాషింగ్టన్‌ను లోపలికి పంపింది. కాబట్టి మీ జట్టుకీ, వెనకాల తరుముతున్న ఇద్దరికీ ఆర్‌డబ్ల్యూ ఎంతో జనవరి నుంచే రాసుకోండి. అందులో మీరు వెనక ఉంటే "ఒక పాయింటు ముందున్నాం" అన్న మాటకి అర్థం సగమే.

గోల్స్ తేడాతో నిజం చెప్పించడం

మోటు లెక్క ఒకటుంది, చాలా పనికొస్తుంది. ఆరు గోల్స్ తేడా సుమారు ఒక గెలుపుతో సమానం. అంటే సీజన్ గోల్స్ తేడాని 3తో భాగించి 91కి కలిపితే ఆ జట్టు "ఉండాల్సిన" పాయింట్లు వస్తాయి. +30 ఉంటే 101. ఇప్పుడు 2023-24 వాషింగ్టన్‌ను తీసుకోండి. తేడా −37, లెక్క ప్రకారం 79 రావాలి, వచ్చినవి 91. దగ్గరి మ్యాచ్‌లు చాలా గెలిచి, ఓడినప్పుడు చిత్తుగా ఓడిన జట్టు అది. మొదటి రౌండ్‌లో న్యూయార్క్ రేంజర్స్ చేతిలో 0-4తో వెనుదిరిగింది.

ఈ లెక్కకి ముందు ఖాళీ నెట్ గోల్స్ తీసేయండి. షీట్‌లో వాటిని విడిగా రాయమన్నది అందుకే. 2-1తో నడుస్తున్న మ్యాచ్ చివరి రెండు నిమిషాల్లో 4-1 అయితే అది మూడు గోల్స్ ఆధిపత్యం కాదు. కొన్ని జట్ల మొత్తం తేడాలో పదికి పైగా గోల్స్ ఇలా వచ్చినవే ఉంటాయి.

ఐదుగురికి ఐదుగురు: అసలు ఆట ఇక్కడ

మ్యాచ్‌లో ఎక్కువ సమయం రెండు వైపులా ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోలీతో నడుస్తుంది. ఆ సమయంలో గోల్ వైపు కొట్టిన షాట్లు, గురి తప్పినవి, అడ్డుపడ్డవి అన్నీ కలిపి లెక్కించేదే షాట్ ప్రయత్నాలు, సైట్లలో కోర్సీ అని ఉంటుంది. మన ప్రయత్నాలు 58, వాళ్లవి 47 అయితే మన వాటా 58ని 105తో భాగిస్తే 55.2 శాతం. సీజన్ మొత్తం మీద చాలా జట్లు 45కీ 55కీ మధ్యే ఉంటాయి. 53 దాటితే పక్‌ను తమ దగ్గరే ఉంచుకునే జట్టు. 47 కింద ఉంటే గోలీ మీద బతుకుతున్న జట్టు.

ఒక్క మ్యాచ్ వాటా చూసి ఏమీ అనకండి. మూడో పీరియడ్‌లో రెండు గోల్స్ ముందున్న జట్టు వెనక్కి జరిగి కాపలా కాస్తుంది, ఓడుతున్న జట్టు ఎక్కడి నుంచైనా కొడుతూ ఉంటుంది. అందుకే 5-2తో హాయిగా గెలిచిన రాత్రి వాటా 42 శాతం చూపించవచ్చు. సైట్‌లో "స్కోరు సవరించిన" లెక్క ఉంటే అది తీసుకోండి, లేదంటే స్కోరు సమంగా ఉన్నప్పటి ప్రయత్నాలు మాత్రమే చూడండి. 20, 25 మ్యాచ్‌లు కూడాక ఆ అంకెకి బరువు వస్తుంది.

దాని పక్కన ఇంకో అంకె కట్టండి. ఐదుగురి ఆటలో మన షాట్లు గోల్ అయిన శాతం, మన గోలీలు ఆపిన శాతం, ఈ రెంటి మొత్తం. దీన్ని పీడీఓ అంటారు. లీగ్ మొత్తానికి కలిపితే ఇది ఎప్పుడూ 100. మీ జట్టు 520 షాట్లకు 52 గోల్స్ కొడితే 10 శాతం, ప్రత్యర్థుల 500 షాట్లలో 470 ఆపితే 94 శాతం, మొత్తం 104. ఈ వేగం నిలవదు. 8, 8.5 శాతం దగ్గర గోల్స్ పడటం మామూలు. 102 దాటిన జట్టు కిందికి, 98 కంటే తగ్గిన జట్టు పైకి రావడం సహజం. నిజంగా గొప్ప గోలీ గానీ, గురి తప్పని ఇద్దరు ముగ్గురు ఫార్వర్డ్‌లు గానీ ఉంటే 101 దగ్గర స్థిరపడొచ్చు. అంతకు మించి అంటే నమ్మకండి.

రెండు వైపులా ఉదాహరణలున్నాయి. 2013-14లో టొరంటో మేపుల్ లీఫ్స్ సీజన్ పొడుగునా ప్రత్యర్థుల కంటే బాగా తక్కువ షాట్లు కొడుతూనే పట్టికలో పైన నిలిచింది. గణాంకాలు చూసేవాళ్లు హెచ్చరిస్తే చాలామంది నవ్వారు. చివరి 14 మ్యాచ్‌లలో 12 ఓడి ప్లేఆఫ్స్‌కి దూరమైంది. 2023-24 ఎడ్మంటన్ ఆయిలర్స్‌ది దీనికి తలకిందులు. మొదటి 12 మ్యాచ్‌లలో రెండే గెలిచింది, నవంబర్ 12న కోచ్‌ను మార్చింది. అప్పటికీ షాట్లలో, అవకాశాల్లో ఆ జట్టుదే పైచేయి, ఆగనిదల్లా తమ నెట్ వైపు వచ్చే షాట్లే. తర్వాత వరుసగా 16 మ్యాచ్‌లు గెలిచి, స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. కొత్త కోచ్ ఏమీ చేయలేదని కాదు. అంకెలు చూసినవాళ్లకి నవంబర్‌లో గాభరా తక్కువగా ఉంటుందంతే.

గోలీ గడిని సరిగ్గా చదవడం

సీజన్‌ను ఒంటి చేత్తో తారుమారు చేయగల స్థానం ఇదొక్కటే. రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. పదేళ్ల కిందట లీగ్ సగటు సేవ్ శాతం (ఎదుర్కొన్న షాట్లలో ఆపిన వాటా) 0.915 దగ్గర ఉండేది. ఇప్పుడు 0.900 దగ్గరికి దిగింది. పాత అలవాటుతో 0.905 గోలీని "బలహీనం" అనేస్తే తప్పు, అతను ఈనాటి సగటు కంటే మెరుగు.

తేడా ఎంత ఖరీదో చూడండి. మ్యాచ్‌కి 28 షాట్లు, 0.900కీ 0.915కీ మధ్య మ్యాచ్‌కి 0.42 గోల్. ముఖ్య గోలీ 55 మ్యాచ్‌లు ఆడితే 23 గోల్స్. ఆరు గోల్స్‌కి ఒక గెలుపు లెక్కన దాదాపు నాలుగు గెలుపులు, ఎనిమిది పాయింట్లు. ప్లేఆఫ్స్ గీతకి అటో ఇటో తేల్చేసేంత.

సగటుతో పాటు "చెడ్డ రాత్రులు" ఎన్నో లెక్కపెట్టండి: సేవ్ శాతం 0.850 కంటే కిందికి పోయిన మ్యాచ్‌లు. ఇద్దరు గోలీలకూ 0.904 ఉండొచ్చు. ఒకరు నికరంగా ఆడేవారు, మరొకరు మూడు మ్యాచ్‌లు అద్భుతంగా ఆపి నాలుగో దాన్ని మొదటి పీరియడ్‌లోనే పోగొట్టేవారు. ముందువరుస స్థిరంగా గోల్స్ కొట్టే జట్టుకి మొదటి రకమే లాభం.

రెండో గోలీ పేరు ఎప్పుడు పడుతుందో షీట్‌లో చూస్తే కోచ్ మనసు తెలుస్తుంది. వరుస రాత్రుల మ్యాచ్‌లలో ఒకటి అతనికిస్తారు, అది మామూలే. వరుస రాత్రులు కాకపోయినా బలమైన ప్రత్యర్థి మీద అతన్ని దింపడం మొదలైందంటే క్రమం మారుతోందన్నమాట. 2018-19 బ్లూస్‌లో జరిగిందిదే. 2019 జనవరి 3 ఉదయానికి ఆ జట్టు లీగ్ మొత్తంలో అట్టడుగున ఉంది. జనవరి 7న జోర్డాన్ బినింగ్టన్ తన మొదటి ఎన్‌హెచ్‌ఎల్ ఆరంభంలో ఫిలడెల్ఫియాకి ఒక్క గోల్ ఇవ్వలేదు. రెగ్యులర్ సీజన్‌ను 24 గెలుపులు, 5 ఓటములు, 1 ఓవర్‌టైమ్ ఓటమితో ముగించాడు. జట్టు 99 పాయింట్లకు ఎగబాకి, జూన్ 12న బోస్టన్‌లో ఏడో మ్యాచ్ గెలిచి తన చరిత్రలో మొదటి కప్ ఎత్తింది.

పవర్‌ప్లే: ఓపిక పట్టాల్సిన అంకె

లీగ్ సగటు పవర్‌ప్లే 21 శాతం చుట్టుపక్కల, పెనాల్టీ కిల్ 79 చుట్టుపక్కల. రెండూ కలిపి 105 దాటితే మంచి జట్టు, 95 కిందైతే ఎక్కడో కారుతోంది. చిక్కేమిటంటే మ్యాచ్‌కి వచ్చే అవకాశాలు మూడే. పది మ్యాచ్‌లకు 30. అందులో 6 గోల్స్ కొడితే 20 శాతం, 8 కొడితే 26.7. గోల్‌పోస్ట్‌కి తగిలి బయటికి పోయిన రెండు షాట్లు చాలు, "పవర్‌ప్లే చచ్చిపోయింది" అని పత్రికల్లో రావడానికి. శాతం పడిపోయినప్పుడు ముందు ప్రశ్న: రెండు నిమిషాల్లో కొడుతున్న షాట్లు తగ్గాయా? తగ్గకపోతే వదిలేయండి. తగ్గితే మ్యాచ్ చూడండి. సాధారణంగా లోపం ప్రత్యర్థి నీలిగీత (వాళ్ల జోన్‌కి హద్దు) దగ్గరే ఉంటుంది, పక్‌ను లోపలికి తీసుకెళ్లి 1-3-1 అమరికలో కుదురుకోవడానికే ముప్పావు నిమిషం పోతుంది.

చూసేటప్పుడు: ఒక్క పీరియడ్, మూడు గుర్తులు

అంకెలు చెప్పనిది తెలియాలంటే నెలకు రెండు మ్యాచ్‌లలో ఒక్కో పీరియడ్ పెన్సిల్ పట్టుకుని చూడండి, వీలైతే రెండో పీరియడ్. మన డిఫెన్స్‌మన్ మన జోన్‌లో పక్ అందుకున్న ప్రతిసారీ ఒక గుర్తు. పక్ మన అధీనంలోనే నీలిగీత దాటితే "మ", మోసుకెళ్లినా పాస్ ఇచ్చినా సరే. గాజు గోడకేసి కొట్టి బయటికి తోస్తే "గ". గీత దాటకముందే పోగొట్టుకుంటే "ప". చివర్లో వరుస చూడండి. "మ"లు తగ్గి "గ"లు పెరిగిన జట్టుకి షాట్ల వాటా రెండు వారాల్లో పడిపోవడం మామూలే. పక్‌ను గాజుకేసి కొట్టడమంటే ప్రత్యర్థికి తిరిగి ఇవ్వడమే, కాస్త దూరంలో. ఇద్దరు మంచి పాసర్లలో ఒకరు గాయపడినప్పుడు ఈ మార్పు మొదట ఇక్కడే కనిపిస్తుంది.

రెండో పీరియడ్ ఎందుకంటే, జట్లు వైపులు మారతాయి, బెంచీలు మారవు. మొదటి, మూడో పీరియడ్లలో మన బెంచ్ మన గోల్‌కి దగ్గర. రెండో పీరియడ్‌లో దూరం. ఒక్కో షిఫ్ట్ (ఒక విడతలో మంచు మీద గడిపే సమయం) 45 సెకన్ల దగ్గర ఉంటే కాళ్లు తాజాగా ఉంటాయి. మన జోన్‌లో ఇరుక్కున్న ఐదుగురు బెంచ్‌కి చేరలేక నిమిషంన్నర తిరిగితే గోల్ పడుతుంది. పైగా అలసిపోయి పక్‌ను అవతలి చివరికి కొడితే ఐసింగ్, ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్లను మార్చకూడదు. అదే అలసిన ఐదుగురు మన గోల్ పక్కనే ఫేస్‌ఆఫ్‌కి (పక్ వదిలి ఆట మళ్లీ మొదలుపెట్టడం) నిలబడాలి. మీ షీట్‌లో ఇచ్చిన గోల్స్‌ను పీరియడ్లవారీగా విడగొట్టి, రెండో పీరియడ్‌వి మరీ ఎక్కువగా ఉంటే, తప్పు గోలీది కాకుండా పక్ బయటికి తీయలేని డిఫెన్స్‌ది అయ్యుండే అవకాశమే ఎక్కువ.

షెడ్యూల్, గాయాలు, జీతాల పరిమితి

ప్రతి పది మ్యాచ్‌ల కట్ట కింద మూడు విషయాలు రాయండి: సొంత మైదానంలో ఎన్ని, వరుస రాత్రుల రెండో మ్యాచ్‌లు ఎన్ని, ప్రత్యర్థుల సగటు పాయింట్ శాతం ఎంత. ఏడు సొంత మ్యాచ్‌లతో 12 పాయింట్లు తెచ్చిన కట్టకీ, ఏడు బయటి మ్యాచ్‌లతో 11 తెచ్చిన కట్టకీ పెద్ద తేడా లేదు. సొంత మైదానంలో లాభం ప్రేక్షకుల అరుపులొక్కటే కాదు. ఆట ఆగినప్పుడు ఆఖరుగా ఆటగాళ్లను మార్చే హక్కు ఆతిథ్య కోచ్‌ది. ప్రత్యర్థి మొదటి లైన్ (కలిసి ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌లు) మీదికి తన కాపలా లైన్‌ను పంపగలడు. బయట ఆ హక్కు ఉండదు. మీ జట్టు మేటి లైన్ సొంత మైదానంలో గోల్స్ కొట్టి బయట ఎండిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే.

గాయాల గడి జీతాల పరిమితితో ముడిపడి ఉంటుంది. 2024-25లో ఒక జట్టు మొత్తం జీతాలకు పరిమితి 8 కోట్ల 80 లక్షల డాలర్లు, 2025-26లో 9 కోట్ల 55 లక్షలు, 2026-27కి 10 కోట్ల 40 లక్షలు. ట్రేడ్ గడువు (ఆటగాళ్లను ఇతర జట్లతో మార్చుకోవడానికి ఆఖరి తేదీ) దాకా చురుకైన జాబితాలో 23 మందికి మించకూడదు, మ్యాచ్‌కి దిగేది 20 మంది: 18 మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు. కనీసం 10 మ్యాచ్‌లు, 24 రోజులు ఆడలేని ఆటగాడిని దీర్ఘకాల గాయాల జాబితాలో పెడితే జట్టుకి పరిమితి మీద కొంత వెసులుబాటు వస్తుంది. 2020-21లో టాంపా బే లైట్నింగ్ ఆటగాడు నికిటా కుచెరోవ్ రెగ్యులర్ సీజన్ మొత్తం ఆ జాబితాలో ఉండి, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌కి తిరిగొచ్చి, ఆ ప్లేఆఫ్స్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించాడు. నిబంధన ప్రకారం అది తప్పు కాదు, ఎందుకంటే ప్లేఆఫ్స్‌లో పరిమితి ఉండేది కాదు. 2025-26 నుంచి ప్లేఆఫ్స్ మ్యాచ్‌కి దిగే 20 మంది జీతాలు కూడా పరిమితిలోపే ఉండాలి. కాబట్టి పెద్ద జీతగాడు ఏప్రిల్‌లో తిరిగొస్తాడన్న వార్త వచ్చినప్పుడు, అతనికి చోటివ్వడానికి ఎవరు కూర్చోవాలన్నది కూడా లెక్కేయండి.

పరిమితి రోజువారీగా లెక్క అవుతుంది, ట్రేడ్ గడువు దగ్గర అందరూ తడబడేది దీంతోనే. సీజన్ 190 రోజులనుకుందాం. మీ జట్టు మొదటి రోజు నుంచీ 10 లక్షల డాలర్ల ఖాళీ వాడకుండా ఉంచింది. 40 రోజులు మిగిలినప్పుడు ఆ ఖాళీ ఏడాదికి 47 లక్షల 50 వేల జీతమున్న ఆటగాడిని తెచ్చుకోవడానికి సరిపోతుంది. దీర్ఘకాల గాయాల వెసులుబాటు వాడుతున్న జట్టుకి ఇలా పోగుపడదు. మార్చి మొదటి వారంలో గడువుకి ముందు ఎవరు కొంటారో ఊహించాలంటే ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పుకార్లు రాలిపోతాయి.

ఎప్పుడు ఏం తేల్చుకోవాలి

అక్టోబర్‌లో ఏదీ తేల్చకండి, షీట్ నింపడమే పని. అమెరికా థాంక్స్‌గివింగ్ నాటికి, అంటే నవంబర్ నాలుగో గురువారానికి, ప్లేఆఫ్స్ స్థానంలో ఉన్న జట్లలో సుమారు నాలుగింట మూడు వంతులు చివరికీ లోపలే ఉంటాయి. పడిపోయే ఆ నాలుగో వంతు ఎవరో చెప్పగలిగేది షాట్ల వాటా, పీడీఓ. వాటా 47, పీడీఓ 103 ఉన్న జట్టును ముందు అనుమానించండి. జనవరి మధ్యలో ఆర్‌డబ్ల్యూ, గోలీ చెడ్డ రాత్రుల లెక్క తీయండి. ఫిబ్రవరిలో ఒలింపిక్స్ లాంటి విరామం ఉన్న ఏడాది, జట్టు నుంచి ఎంతమంది ఆడటానికి వెళ్లారో, ఎవరు విశ్రాంతి తీసుకున్నారో గడిలో చేర్చండి. ఆఖరి పదిహేను మ్యాచ్‌లలో మాత్రం పట్టికే రాజు. అప్పుడు సగటు చూసి ఊరడిల్లడానికి సమయం మిగలదు.

ప్లేఆఫ్స్‌కి కొత్త షీట్

పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది తెరవండి. ప్రతి రౌండ్ ఏడు మ్యాచ్‌ల సిరీస్: రెండు పైస్థానం జట్టు దగ్గర, రెండు అవతల, ఆపైన ఒక్కొక్కటి. కప్‌కి 16 గెలుపులు కావాలి. ఓవర్‌టైమ్‌లో ముగ్గురికి ముగ్గురు ఉండరు, షూటౌట్ ఉండదు, గోల్ పడేదాకా ఐదుగురికి ఐదుగురు 20 నిమిషాల పీరియడ్లు ఆడుతూనే ఉంటారు. అంటే షూటౌట్లతో పాయింట్లు పోగేసుకున్న జట్టుకి ఆ బలం ఇక్కడ పనిచేయదు. పాత షీట్ నుంచి తెచ్చుకోవాల్సినవి మూడే: చివరి 25 మ్యాచ్‌ల సవరించిన షాట్ల వాటా, ముఖ్య గోలీ చెడ్డ రాత్రులు, ఆ ప్రత్యర్థి మీద సొంత మైదానంలో ఎవరి లైన్ మీద ఎవరు ఆడారన్న వివరం.

అన్నీ సరిగ్గా చదివినా ఏడు మ్యాచ్‌లు చిన్న నమూనానే. 2018-19 టాంపా బే 62 గెలుపులు, 128 పాయింట్లతో వచ్చి మొదటి రౌండ్‌లో కొలంబస్ చేతిలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2022-23 బోస్టన్ బ్రూయిన్స్ 65 గెలుపులు, 135 పాయింట్లతో లీగ్ రికార్డు పెట్టి, 3-1తో ముందుండి, 92 పాయింట్ల ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఓడింది. ఆ ఫ్లోరిడానే ఫైనల్ దాకా వెళ్లింది. సిరీస్ మధ్యలో 1-3తో వెనక ఉన్నప్పుడు మీ షీట్‌లో షాట్ల వాటా 54 చూపిస్తుంటే కోచ్ లైన్లను కలగాపులగం చేయకూడదని ఆశించండి. 44 చూపిస్తుంటే స్కోరు 2-2 ఉన్నా సరే, తర్వాతి మ్యాచ్‌కి డిఫెన్స్ జంటల్లో ఏం మార్పు వస్తుందో ఆ రోజు ఉదయపు ప్రాక్టీస్ వార్తల్లో ముందుగా అదే వెతకండి.